గఫ్లత్: తెలియకపోవడం వేరు, తెలిసీ పట్టకపోవడం వేరు

మన ఇళ్లలో తరచు వినబడే మాటల్లో ‘గఫ్లత్’ ఒకటి. పొయ్యి మీద పాలు పొంగిపోతే గఫ్లత్. ఫజర్ నమాజుకు మెలకువ రాకపోతే గఫ్లత్. జుమా బయాన్‌లో ఇమామ్ సాహెబ్ ‘గఫ్లత్‌లో పడి ఉండకండి’ అని హెచ్చరిస్తారు. ఉర్దూలో ఇంత చనువైన ఈ మాటను తెలుగులో రాయవలసి వచ్చినప్పుడు మాత్రం తడబాటు మొదలవుతుంది. కొందరు దీన్ని ‘అజ్ఞానం’ అని రాస్తారు. కొందరు ‘మరుపు’ అంటారు. ఇంకొందరు ‘నిర్లక్ష్యం’ అంటారు.

ఈ మూడూ గఫ్లత్‌కు ఇరుగుపొరుగు మాటలే. కాని ఏ ఒక్కటీ దానికి సరిపోదు. ఒక పదం అర్థం అటూ ఇటూ అయితే వచ్చే నష్టమేమిటని అడగవచ్చు. జబ్బు పేరు తప్పుగా రాస్తే మందు కూడా తప్పే రాస్తారు. గఫ్లత్ విషయంలో మనం చాలాకాలంగా చేస్తున్నది అదేనని మాకు అనిపిస్తుంది. అందుకే ఈ సంచికలో ఈ ఒక్క మాట గురించి కొంచెం వివరంగా రాయదలిచాం.

ముగ్గురు విద్యార్థులు

ఉపాధ్యాయులమైన మాకు ఈ తేడా తరగతి గదిలోనే కనబడుతుంది. ఏడో ఎక్కం అడిగితే ముగ్గురు పిల్లలు జవాబు చెప్పలేదనుకుందాం. మొదటివాడికి ఆ ఎక్కం ఎవరూ నేర్పలేదు. రెండోవాడు నేర్చుకున్నాడు కాని వేసవి సెలవుల్లో మరచిపోయాడు. మూడోవాడికి ఎక్కం కంఠతా వచ్చు. అడిగిన క్షణంలో వాడి చూపు కిటికీ బయట ఎగురుతున్న గాలిపటం మీద ఉంది. బయటినుంచి చూసేవారికి ముగ్గురూ ఒకటే, ముగ్గురూ జవాబు చెప్పనివారే.

అరబీలో ఈ మూడు స్థితులకూ మూడు వేర్వేరు మాటలున్నాయి. మొదటివాడిది ‘జహల్’, అంటే తెలియకపోవడం. రెండోవాడిది ‘నిస్యాన్’, అంటే మరచిపోవడం. మూడోవాడిది ‘గఫ్లత్’. తెలిసిన సంగతి ఎదురుగానే ఉన్నా మనసు దాని మీద లేకపోవడం.

చికిత్స కూడా మూడు రకాలు. మొదటివాడికి పాఠం చెప్పాలి. రెండోవాడికి పునశ్చరణ చేయించాలి. మూడోవాడికి ఎక్కం మళ్లీ మొదటినుంచి చెప్పడం దండగ. వాణ్ణి పేరు పెట్టి పిలిస్తే చాలు, తిరిగి చూస్తాడు. దీన్ని తలకిందులు చేసి, నేర్పని ఎక్కం రాలేదని మొదటివాణ్ణి గద్దిస్తే అది అన్యాయమే అవుతుంది.

వీటికి దగ్గరగా ‘సహ్వ్’ అనే మరో మాట ఉంది. నమాజులో రకాతుల లెక్క తప్పితే చివర చేసే రెండు సజ్దాలను మనం ‘సజ్దా ఎ సహ్వ్’ అంటాం. చేస్తున్న పనిలోనే దొర్లే పొరపాటు సహ్వ్. దాన్ని సరిదిద్దుకునే మార్గం నమాజులోనే పెట్టారు. మరుపు విషయంలోనూ వెసులుబాటు ఉంది. మరచినా పొరపడినా పట్టుకోవద్దని వేడుకోవడాన్ని బఖరా సూరా చివరి ఆయత్ (2:286) మనకు నేర్పింది. గఫ్లత్ దగ్గరికి వచ్చేసరికి దివ్య ఖుర్‌ఆన్ స్వరం కాస్త మారుతుంది. ఎందుకో తెలియాలంటే ముందు మాట పుట్టుక చూడాలి.

చుక్కలు లేని రాత

గైన్, ఫే, లామ్ అనే మూడు అక్షరాల ధాతువు నుంచి ఈ మాట వచ్చింది. దారి గుర్తులేవీ లేని నేలను అరబ్బులు ‘గుఫ్ల్’ అన్నారు. యజమానిని తెలిపే వాత వేయని పశువును కూడా అలాగే అన్నారు. ఖుర్‌ఆన్ పదాలకు నిఘంటువు కూర్చిన ఇమామ్ రాగిబ్ ఇస్ఫహానీ మరో ప్రయోగం చూపించారు. రాతలో అక్షరాలకు నుఖ్తాలు పెట్టకుండా వదిలేయడాన్ని ఇదే ధాతువుతో చెబుతారు.

ఉర్దూ చదవడం వచ్చినవారికి ఈ పోలిక ఇట్టే అర్థమవుతుంది. బే, తే, సే అక్షరాల గీత ఒక్కటే. కింద ఒక చుక్క ఉంటే బే, పైన రెండుంటే తే, మూడుంటే సే. చుక్కలు తీసేస్తే గీత కాగితం మీద స్పష్టంగానే ఉంటుంది కాని అది ఏ అక్షరమో తేలదు. గఫ్లత్‌లో ఉన్న మనసు కూడా ఇలాంటిదే. సంగతి అందులో ఉంటుంది. దాన్ని గుర్తుపట్టించే చుక్క ఉండదు. కాపలా, మెలకువ కొరవడడం వల్ల మనిషికి కలిగే పరాకు అని రాగిబ్ గారు దీన్ని వివరించారు.

ఈ ధాతువు నుంచే ‘గాఫిల్’ వచ్చింది, అంటే గఫ్లత్‌లో ఉన్నవాడు. ‘తగాఫుల్’ కూడా ఇక్కడి నుంచే వచ్చింది. చూసీ చూడనట్టు నటించడం దాని అర్థం. ఉర్దూ గజళ్లలో ప్రేయసి మీద కవులు మోపే నేరం ఇదే. గాఫిల్‌కు నిజంగానే ధ్యాస ఉండదు. తగాఫుల్ చేసేవాడికి ధ్యాస పూర్తిగా ఉంటుంది. ఈ తేడాతో మనకు ముందు ముందు పని పడుతుంది.

తెలుగులో దీనికి దగ్గరి మాటలు

తెలుగులో గఫ్లత్‌కు బాగా అమరే మాట ‘ఏమరుపాటు’. ‘పరాకు’ కూడా దగ్గరిదే. విచిత్రమేమిటంటే పరాకు అంటే ధ్యాస తప్పడం అనీ అర్థమే, రాజసభల్లో ‘బహుపరాకు’ అని కేకవేసినప్పుడు ధ్యాస పెట్టమనీ అర్థమే.

ఇంకో మాట ‘ప్రమాదం’. ఈ రోజు ప్రమాదం అనగానే రోడ్డు మీద లారీ, బస్సు గుద్దుకోవడం గుర్తొస్తుంది. సంస్కృతంలో ఈ మాటకు అసలు అర్థం ఏమరుపాటు. ‘ప్రమాదో ధీమతామపి’ అని మన పెద్దలు అంటుంటారు. ఎంతటి బుద్ధిమంతుడికైనా ఏమరుపాటు తప్పదని దాని భావం. కాలక్రమంలో కారణం పేరు ఫలితానికి అంటుకుంది. ఏమరుపాటు వల్ల జరిగేదే ప్రమాదమైంది.

దీనికి ఎదురు మాట ‘జాగ్రత్త’. మేలుకొని ఉండడాన్ని చెప్పే సంస్కృత ధాతువు నుంచి వచ్చింది. ఉర్దూలో ‘గఫ్లత్ కీ నీంద్’ అంటారు, గఫ్లత్ అనే నిద్ర. రెండు భాషలూ ఒకదాన్ని చూసి మరొకటి రాసుకోలేదు. అయినా రెండింటిలోనూ ఏమరుపాటు నిద్ర అయింది, జాగ్రత్త మెలకువ అయింది. నిద్రపోతున్నవాడి తెలివి ఎక్కడికీ పోదు. లేపేదాకా పనికిరాదు, అంతే.

దివ్య ఖుర్‌ఆన్‌లో

ఈ ధాతువుకు చెందిన మాటలు ఖుర్‌ఆన్‌లో 35 చోట్ల ఉన్నాయి. అన్నిచోట్లా ఒకే అర్థంలో తీసుకుంటే పొరపాటు పడతాం. సందర్భాన్ని బట్టి నాలుగైదు ఛాయలు కనబడతాయి.

మొదటిది, సమాచారం చేరకపోవడం. యూసుఫ్ సూరా ఆరంభంలో (12:3), ఈ వృత్తాంతం అవతరించకముందు దైవప్రవక్త (స)కు దాని సంగతి తెలియదని చెప్పడానికి ఇదే మాట వాడారు. అందులో నిందకు చోటే లేదు. అనామ్ సూరా (6:131)లో ఇంకా ముఖ్యమైన సూత్రం ఉంది. ప్రజలు సంగతి తెలియని స్థితిలో ఉండగా అల్లాహ్ ఏ ఊరినీ అన్యాయంగా నాశనం చేయడు. ముందు హెచ్చరిక పంపుతాడు. అంటే చెప్పకుండా పట్టుకోవడం దైవన్యాయంలోనే లేదు.

రెండోది, కాసేపటి ఏమరుపాటు. మూసా (అ) పట్టణంలోకి వెళ్లిన వేళను ఖుర్‌ఆన్ (28:15) జనం పరాకుగా ఉన్న సమయంగా వర్ణించింది. అది మధ్యాహ్న విశ్రాంతి వేళ అని పలువురు వ్యాఖ్యాతలు రాశారు. యుద్ధభూమిలో నమాజు చేసే పద్ధతిని తెలిపే ఆయత్ (4:102) కూడా ఈ కోవలోదే. ఒక వర్గం నమాజు చేస్తుంటే మరో వర్గం కాపలా ఉండాలి. నమాజు చేసేవారూ ఆయుధాలు దగ్గర ఉంచుకోవాలి. ఆయుధాల విషయంలో, సామాన్ల విషయంలో ముస్లిములు ఎప్పుడు ఏమరుతారా అని శత్రువు కాచుకొని ఉంటాడు. నమాజులో ఉన్నాం కదా అని బాధ్యత పట్ల ఏమరుపాటు చెల్లదని దీనివల్ల తెలుస్తుంది.

మూడోది మెచ్చుకోలు. నూర్ సూరా (24:23)లో శీలవతులైన విశ్వాస స్త్రీలను ‘గాఫిలాత్’ అన్నారు. చెడు ఆలోచన మనసులోకే రాని అమాయకులని ఇక్కడ అర్థం. హజ్రత్ ఆయిషా (ర) మీద నింద వేసిన సంఘటన ఈ సూరాకు నేపథ్యం. ఇక్కడ అమాయకులది తప్పు కాదు, వారి మీద అభాండం వేసినవారే శాపానికి గురయ్యారు. వచ్చిన మాటను వచ్చినట్టే వాట్సాప్‌లో నలుగురికీ పంపేవారు ఈ ఆయత్‌ను ఒకసారి చదువుకోవడం మంచిది.

నాలుగోది అసలైన గఫ్లత్. ఆరాఫ్ సూరా (7:179)లో హృదయాలున్నా గ్రహించనివారి గురించి, కళ్లున్నా చూడనివారి గురించి, చెవులున్నా విననివారి గురించి చెప్పి, గాఫిళ్లు వీరేనని తేల్చారు. రూమ్ సూరా (30:7) మరింత సూటిగా ఉంటుంది. ఆ మనుషులకు ప్రపంచ జీవితం పైపైన బాగానే తెలుసు, పరలోకం విషయంలోనే వారు గాఫిళ్లు. అంటే చదువు లేనివారికి మాత్రమే వచ్చే జబ్బు కాదిది. లాభనష్టాల లెక్కలో ఆరితేరినవాడికీ రావచ్చు. ఖాఫ్ సూరా (50:22)లో తీర్పుదినాన మనిషి కళ్ల ముందున్న తెర తొలగి చూపు పదునెక్కుతుందని ఉంది. తెర తొలగిన తర్వాత కనబడేది కొత్త వస్తువేమీ కాదు. ఎప్పటినుంచో ఎదుట ఉన్నదే.

వీటన్నింటికీ భిన్నంగా, అల్లాహ్ విషయంలో ఈ మాట ఎప్పుడు వచ్చినా ‘కాదు’ అనే మాటతోనే వస్తుంది. మీరు చేసే పనుల పట్ల అల్లాహ్ ఏమరుపాటుతో లేడని పలుచోట్ల ఉంది. ఇబ్రాహీమ్ సూరా (14:42)లో దౌర్జన్యం చేసేవారి గురించి చెబుతూ, శిక్ష ఆలస్యమైతే దాన్ని గఫ్లత్ అనుకోవద్దని హెచ్చరించారు. దౌర్జన్యానికి గురైనవారికి ఇది ఓదార్పు కూడా.

తోడేలు సాకు

యాఖూబ్ (అ) వృత్తాంతంలో ఈ మాట వచ్చిన తీరు ప్రత్యేకంగా గమనించదగినది. చిన్న కొడుకు యూసుఫ్ (అ)ను ఆడుకోవడానికి తమతో పంపమని అన్నలు అడిగారు. మీరు ఏమరుపాటుగా ఉన్నప్పుడు తోడేలు తినేస్తుందేమోనని తండ్రి భయపడ్డారు (12:13). అన్నలు యూసుఫ్‌ను బావిలో పడేసి, చీకటి పడ్డాక ఏడుస్తూ ఇంటికొచ్చి ఏం చెప్పారు? మేము పందెం పరుగుల్లో ఉన్నాం, యూసుఫ్‌ను సామాన్ల దగ్గర వదిలాం, తోడేలు తినేసింది అన్నారు (12:17). తండ్రి నోట వచ్చిన భయాన్నే తెచ్చి ఆయనకు సాకుగా అప్పజెప్పారు.

అక్కడ తోడేలూ లేదు, గఫ్లత్ కూడా లేదు. తెలిసి చేసిన పనికి గఫ్లత్ అనే ముసుగు వేశారు. పైన చెప్పుకున్న తగాఫుల్ ఇదే. ఏమరుపాటుకు జనం జాలిపడతారు. కావాలని చేసిన పనిని మాత్రం క్షమించరు. అందుకే చాలా తప్పులు ఏమరుపాటు బురఖా వేసుకొని తిరుగుతుంటాయి.

మన గుమ్మం లోపల

ఈ అర్థాలన్నీ మనసులో పెట్టుకొని మన ఇళ్లలోకి తొంగి చూద్దాం.

జకాత్ రెండున్నర శాతమని మనలో తెలియనివారు అరుదు. బంగారానికి నిసాబ్ ఏడున్నర తులాలు, అంటే 87.48 గ్రాములు. వెండికి యాభై రెండున్నర తులాలు, అంటే 612.36 గ్రాములు. మన ప్రాంతంలో ఎక్కువమంది పాటించే హనఫీ విధానంలో ఒంటి మీది నగలు కూడా లెక్కలోకి వస్తాయి. 100 గ్రాముల బంగారం ఏడాదిపాటు ఉన్న ఇల్లాలు రెండున్నర గ్రాముల విలువ తీయాలి. లెక్క ఇంత తేలిక. అయినా బీరువా తెరిచి నగలు తూకం వేయించని ఇళ్లు ఎన్నో. రమజాన్‌లో ఇంటి ముందుకు వచ్చినవారికి తోచినంత ఇచ్చి, జకాత్ తీరిపోయిందని అనుకుంటారు. అలాంటి ఇంటికి జకాత్ మీద ఇంకో ఉపన్యాసం అక్కరలేదు. తేదీ వేసుకొని ఒకసారి లెక్క రాయడం కావాలి.

అప్పు తీసుకుంటే రాసుకోమని చెప్పే ఆయత్ (2:282) ఖుర్‌ఆన్‌లోకెల్లా పెద్దది. అన్నదమ్ములం కదా, కాగితమెందుకని చేబదుళ్లు ఇచ్చిపుచ్చుకుంటాం. మనిషి పోయిన తర్వాత మాట మిగలదు. మిగిలేది తగాదా.

ఆడపిల్లల వాటా సంగతి ఇంకా లోతైనది. వారసత్వంలో ఇద్దరు కూతుళ్ల వాటా ఒక కొడుకు వాటాకు సమానమని నిసా సూరా (4:11) నిర్ణయించింది. ఇది మనకు తెలియనిది కాదు. ఇతరుల ముందు ఇస్లామ్ ఆడవారికి ఆస్తిహక్కు ఇచ్చిందని గర్వంగా చెప్పుకుంటాం కూడా. తండ్రి పోయాక ఇల్లు పంచుకునే రోజున మాత్రం ‘పెళ్లికి చాలా ఖర్చుపెట్టాం, చెల్లెలు అడగలేదు కదా’ అంటాం. దీన్ని జహల్ అనలేం, నిస్యాన్ అనలేం. గఫ్లత్ అనడానికి కూడా మనసొప్పదు. సొంత లాభం కోసం చూసీ చూడనట్టు ఉంటే అది తోడేలు సాకే. అడగని చెల్లెలికి హక్కు లేదని ఖుర్‌ఆన్ ఎక్కడా చెప్పలేదు.

చెప్పనివారి బాధ్యత

ఇప్పుడు నాణేనికి రెండో వైపు. మన బస్తీల్లో ఎందరినో మనం గాఫిళ్లని తీసిపారేస్తాం. ‘వీళ్లకు చదువు మీద శ్రద్ధ లేదు, పిల్లల్ని మెకానిక్ షెడ్డులో పెడతారు’ అని అంటుంటాం. వారిలో చాలామంది మా మొదటి విద్యార్థిలాంటివారు. వారికి చెప్పినవారు లేరు.

పిల్లవాడి పేరు ఆధార్‌లో ఒకలా, బడి రిజిస్టరులో ఒకలా ఉంటే స్కాలర్‌షిప్ దగ్గర చిక్కు వస్తుందని రోజుకూలీ తండ్రికి ఎవరు చెప్పారు? ఆదాయ ధ్రువపత్రం ముందే తీసుకోవాలని, దరఖాస్తుకు ఆఖరు తేదీ ఉంటుందని, గురుకులంలో సీటుకు ఫలానా నెలలో ప్రకటన వస్తుందని ఇల్లిల్లూ తిరిగి ఎవరు చెప్పారు? నోటీసు బోర్డు మీద అంటించాం కదా అంటే సరిపోదు. బోర్డు చదవగలిగినవారికే అది పనికొస్తుంది.

చెప్పకుండా పట్టుకోవడం దైవన్యాయంలో లేదని అనామ్ సూరాలో చూశాం. మరి చెప్పకుండా నిందించడం మనకెలా తగుతుంది? ఇలాంటి చోట గఫ్లత్ అనే మాట ఆ తండ్రికి వర్తించదు. సంగతి తెలిసి, చేరవేయగలిగి, ఊరుకున్నవారికి వర్తిస్తుంది. దానం చేసే సంఘాలు బియ్యం సంచులు, దుప్పట్లు పంచడంతోపాటు సమాచారం పంచడాన్ని కూడా సదఖాగా లెక్కించాలని మా మనవి. సరైన సమయంలో చేరిన ఒక తేదీ ఒక పిల్లవాడి ఏడాదిని కాపాడుతుంది.

మేలుకొలుపు

గఫ్లత్‌కు మందు ‘జిక్ర్’. జిక్ర్ అంటే స్మరణ. ఉదయం, సాయంత్రం ప్రభువును స్మరించమని చెప్పిన ఆయతే (7:205) గాఫిళ్లలో చేరవద్దని ముగుస్తుంది. రోజుకు ఐదుసార్లు అజాన్ ఎందుకని ఎవరైనా అడిగితే జవాబు ఇక్కడే ఉంది. నమాజు ఉందన్న సంగతి మనకు తెలియక కాదు. కిటికీ బయటికి పోయిన చూపును వెనక్కి పిలవడానికి. ఆరోగ్యం, తీరిక అనే రెండు వరాల విషయంలో చాలామంది నష్టపోతారని దైవప్రవక్త (స) హెచ్చరించినట్టు సహీహ్ బుఖారీలో ఉంది. ఆ రెండూ ఉన్నప్పుడు కనబడవు, పోయాక కనబడతాయి.

ఆచరణలో పెట్టదగిన కొన్ని పనులు చెబుతాం. జకాత్‌కు హిజ్రీ తేదీ ఒకటి నిర్ణయించి క్యాలెండర్ మీద రాసి పెట్టుకోవాలి. ఇచ్చిన అప్పు, తీసుకున్న అప్పు, ఇంకా చెల్లించని మెహర్ ఒక పుస్తకంలో రాసి, ఆ పుస్తకం ఎక్కడుందో ఇంట్లో మరొకరికి చెప్పాలి. తండ్రి ఆస్తి పంచేటప్పుడు చెల్లెళ్లను పిలిచి కూర్చోబెట్టి లెక్క వేయాలి. వారానికి ఒకరోజు బడిపిల్లల కాగితాలు చూసిపెట్టడానికి మస్జిద్‌లోనో సంఘం కార్యాలయంలోనో చదువుకున్న యువకులు ఇద్దరు కూర్చోవాలి.

చివరగా ఒక మాట. ఎవరినైనా గాఫిల్ అనే ముందు మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఇతనికి ఎవరైనా చెప్పారా? చెప్పినది మరచిపోయాడా? తెలిసీ చూపు మరల్చుకున్నాడా? చెప్పకపోతే నేర్పుదాం, మరచిపోతే గుర్తుచేద్దాం, చూపు మరలితే ప్రేమగా పేరు పెట్టి పిలుద్దాం. మనల్ని కూడా అలా పిలిచేవారు ఒకరైనా ఉండేలా అల్లాహ్ అనుగ్రహించుగాక. ఆమీన్.